పడవమనిషి చనిపోయిన శనివారం

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీకు ఒక అనుమానం ఉండే ఉంటుంది. పైవాళ్ళు మీ చేత ఎవరూ చదవని కాగితాలు రాయిస్తున్నారని. చాలావరకు అది నిజమే. ఆ కాగితాలు రాయించిన మనుషుల్లో నేనూ ఒకదాన్ని. నోయిడాలోని ఒక ఆటల కంపెనీలో రికార్డుల విభాగం చూసి, పోయినేడాది రిటైరయ్యాను. నా దగ్గరికి వచ్చినవి మాత్రం నేను చదివేదాన్ని. చదివి నమ్మేదాన్ని కాదు.

ఆటల కంపెనీ అంటే బ్యాట్లూ బంతులూ అమ్మేది కాదు. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, అతన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేను తలుపు తోస్తాను", "నేను ఆ కాపలావాడితో బేరం పెడతాను" అంటూ కథలోకి దిగుతారు. అనుకున్నది జరుగుతుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇంట్లో స్నేహితులు ఆడుకుంటే ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. మా కంపెనీ నడిపింది క్యాంపెయిన్. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్‌లలో మేము ఒప్పందం చేసుకున్న కెఫేలన్నిటిలోనూ ఒకటే కథ. ఒక నది, దాని ఒడ్డున ఒక నగరం, ఏటా పెరిగే నీళ్ళు. సభ్యత్వ కార్డు తీసుకుంటే మీ పాత్రతో ఈ వారం ఇక్కడ, వచ్చే వారం అక్కడ ఆడవచ్చు. ఇక్కడ తగిలిన దెబ్బ అక్కడా నొప్పి పెట్టాలి కదా. అందుకని ప్రతి ఆట అయ్యాక లాగ్‌షీట్ నింపాలి. ఎవరెవరు వచ్చారు, ఏం గెలిచారు, ఏం పోగొట్టుకున్నారు, ఎవరు చనిపోయారు. కింద గేమ్ మాస్టర్ సంతకం. చనిపోయిన పాత్ర మళ్ళీ లేవడం ఉండదు. అది అందరికంటే పెద్ద రూలు.

గేమ్ మాస్టర్లకు నేనంటే పడేది కాదు. వాళ్ళలో ఒకడు నా మొహం మీదే అన్నాడు: "మేడమ్ గారూ, రాక్షసుణ్ణి చంపడం తేలికండి. చంపినట్టు మీకు నిరూపించడమే ప్రాణాంతకం."

నా తప్పేమీ లేదు. అంతకుముందు నేను ఒక స్కూల్లో పరీక్షల విభాగంలో పని చేశాను. మా ఆయన వాయుసేన ఉద్యోగం వల్ల ఢిల్లీ వచ్చి, ఆయన ఉద్యోగం మానేశాక కూడా ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. దిద్దిన మార్కు కనిపిస్తే కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసే అలవాటు స్కూల్లో అబ్బింది. ఆటల కంపెనీలో చేరాక అది జబ్బుగా ముదిరింది. చేతిరాత బాగుంటే అనుమానం, బాగాలేకపోతే ఇంకో రకం అనుమానం.

ఒక సోమవారం నా ముందుకు రెండు షీట్లు వచ్చాయి. రెండూ అంతకుముందు శనివారం మధ్యాహ్నం ఆడిన ఆటలవే. ఒకటి గుర్గావ్ కెఫేది. అక్కడ గేమ్ మాస్టర్ ఒక బ్యాంకు ఉద్యోగిని, పద్ధతిగల మనిషి. ఫలానా సభ్యురాలి పాత్ర, అంటే నది మీద పడవ నడిపే స్త్రీ, లాకుల దగ్గర కాపలా ఉన్న జంతువుతో ఒంటరిగా తలపడి చనిపోయిందని రాసింది. రెండోది జియా సరాయ్ కెఫేది. అదే సభ్యత్వం, అదే పడవమనిషి. అదే మధ్యాహ్నం మునిగిపోతున్న బజారులోంచి పిల్లల్ని తన పడవలో దాటించి, నగరం వాళ్ళ చేత సన్మానం అందుకుంది.

ఒకే పూట గుర్గావ్‌లో చచ్చి, జియా సరాయ్‌లో సన్మానం. మనిషి ఎంత గట్టిదైనా ఇది కుదిరే పని కాదు.

జియా సరాయ్ షీటు చూసిన కొద్దీ నాకు ఒళ్ళు మండింది. అక్కడి గేమ్ మాస్టర్ రాక్షసుడి మాట అన్న కుర్రాడే. తెనాలి వైపు వాడు. పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో చదవడానికి వచ్చి, చదువు అయ్యాక కూడా ఆ సందులు వదల్లేక మా కంపెనీలో చేరాడు. అతని షీట్లు వారం ఆలస్యంగా, టీ మరకలతో, సగం గళ్ళు ఖాళీగా వచ్చేవి. ఈ ఒక్కటి మాత్రం ఆదివారం పొద్దున్నే వచ్చేసింది. గళ్ళన్నీ నిండి ఉన్నాయి. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. అవి అతనివి కావు.

నాకు కథంతా కళ్ళకు కట్టింది. ఆ పిల్ల గుర్గావ్‌లో పాత్రను పోగొట్టుకుంది. ఏడ్చుకుంటూ ఇతనికి ఫోన్ చేసింది. ఇతను జాలిపడో, ఇంకెందుకో, దొంగ షీటు తయారుచేసి పంపాడు. ఏడాది చివర పెద్ద ఆట ఉంది, దానికి బతికున్న పాత్రలకే ప్రవేశం.

మా మేనేజర్‌కి చెప్పాను. నా కొడుకు వయసువాడు. అన్నిటికీ తొందర. "సీధా ఫ్రాడ్ హై, మేడం. సభ్యత్వం కట్. స్టూడెంట్ మెంబర్ కదా, ఇంటికి ఫోన్ చేసి కారణం చెప్పాలి. ఈరోజే చేసేయండి" అన్నాడు.

సభ్యత్వం వివరాలు తీశాను. ఫోటోలో కళ్ళద్దాలు పెట్టుకున్న పొడుగు పిల్ల. ఇంటిపేరు తెలుగుది. ఉండేది ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అద్దె గది. సివిల్స్ కోచింగ్. ఇంటి చిరునామా కంటోన్మెంట్ క్వార్టర్స్, తండ్రి సుబేదారు. ఫోన్ తీసి మళ్ళీ పెట్టేశాను. అలాంటి క్వార్టర్స్‌లో నేను కాపురం చేశాను. కూతురు రీడింగ్ రూంలో కూర్చుని చదువుతోందని నమ్మే తండ్రికి, మీ అమ్మాయి ఆటలో మోసం చేసి దొరికిందని చెబితే సాయంత్రానికి గది ఖాళీ అయిపోతుంది. కోచింగూ అయిపోతుంది. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"వచ్చే సోమవారం దాకా టైమివ్వండి. రుజువు లేకుండా ఫోన్ చేస్తే మన మీదకే వస్తుంది" అన్నాను. మన మీదకి వస్తుందనేసరికి అతను ఠీక్ హై అన్నాడు.

మర్నాడు చెప్పకుండా జియా సరాయ్ వెళ్ళాను. ఆ సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఆనుకోవాలి. కెఫే మొదటి అంతస్తులో ఉంటుంది. కుర్రాడు పాచికలు తుడిచి డబ్బాల్లో సర్దుతున్నాడు. నన్ను చూడగానే చెయ్యి ఆగింది.

"శనివారం ఆ అమ్మాయి వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చిందండి."

"ఏ అమ్మాయి?"

"అదేనండి, పడవమనిషి."

"కళ్ళద్దాలు ఉన్నాయా?"

కాస్త ఆలోచించాడు. "ఒక్కోసారి ఉంటాయండి."

"షీటు ఎవరు రాశారు?"

"రాత పని ఎక్కువైపోయిందని నేనే అడిగానండి. ఆ అమ్మాయే రాసిచ్చింది. సంతకం మాత్రం నాదే." అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు.

అతను అబద్ధమాడుతున్నాడని మొహం మీద రాసుంది. ఏ అబద్ధమో మాత్రం తెలియలేదు. ఆ బల్ల దగ్గర ఆడిన ఇంకో విద్యార్థి కిందే పరాఠా తింటూ దొరికాడు. అడిగితే, "ఆమె లేకపోతే మేమందరం మునిగిపోయేవాళ్ళం, ఆంటీ" అన్నాడు నిజంగా నీళ్ళలోంచి లేచొచ్చినవాడిలా. ఇతనికీ ముందే నేర్పిపెట్టారా అనుకున్నాను. బల్ల మొత్తం కుమ్మక్కైందని మెట్రోలో కూర్చునేసరికి నిర్ణయించేసుకున్నాను.

సాయంత్రం గుర్గావ్ గేమ్ మాస్టర్‌కి ఫోన్ చేశాను. ఆమె గుర్తు పట్టి చెప్పింది. పొడుగ్గా, కళ్ళద్దాలతో, ఎక్కువ మాట్లాడని పిల్ల. "లాకుల వైపు ఒంటరిగా వెళ్తే బతకవని మళ్ళీ మళ్ళీ చెప్పాను మేడం. వినలేదు. చనిపోయాక ఎవరైనా బాధపడతారు కదా. థాంక్యూ చెప్పి లేచి వెళ్ళిపోయింది."

ఫోటోతో సరిపోయింది. ఇక ఆ పిల్లకే ఫోన్ చేశాను. తెలుగులో అడిగితే హిందీలో జవాబు వచ్చింది. కంటోన్మెంట్‌లలో పెరిగిన మన పిల్లలు అంతే. మన మాట అర్థమవుతుంది, నోటికి రాదు.

"శనివారం ఎక్కడ ఆడావమ్మా?"

"గుర్గావ్, ఆంటీ. మేరా క్యారెక్టర్ మర్ గయా."

"జియా సరాయ్ వెళ్ళలేదా?"

"నహీ."

"మరి అక్కడ నీ పడవమనిషి పిల్లల్ని ఎలా దాటించింది?"

చాలా నెమ్మదిగా అడిగింది. "శనివారమా? పక్కా శనివారమేనా, ఆంటీ?" ఈసారి తెలుగులోనే. నేను అవునన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఇన్నేళ్ళు అనుమానాలతో బతికినదాన్ని కదా, ఆ గొంతు పోల్చుకోగలను. ఆ పిల్ల దొరికిపోయినదానిలా మాట్లాడలేదు. ఎవరినో అప్పుడే అనుమానించడం మొదలుపెట్టినదానిలా మాట్లాడింది.

ఆదివారం మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఉన్న తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి రమ్మని ఆ పిల్లకీ, జియా సరాయ్ కుర్రాడికీ చెప్పాను. ఆఫీసుకి పిలిస్తే నోళ్ళు మూసుకుపోతాయి. పప్పూ గోంగూరా ముందు పెడితే తెలుగువాళ్ళ నోళ్ళు ఎలాగైనా తెరుచుకుంటాయని నా లెక్క. కుర్రాడు నాకంటే ముందే వచ్చి టోకెన్లు తీసుకుని నిలబడ్డాడు. ఆ మర్యాద కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఆ పిల్ల వచ్చింది. ఫోటోలో ఉన్న పిల్లే, కళ్ళద్దాలు, పొడుగు. వెనకాల కొంచెం దూరంగా ఇంకో పిల్ల. పొట్టిగా, గుండ్రటి మొహం. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు. కుర్రాడు రెండో పిల్లను చూసి ప్లేటు వైపు తల దించేశాడు.

నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. వడ్డించేవాడు కూరలు వేసి వెళ్ళాడు. రెండో పిల్లే మొదలుపెట్టింది.

"ఆంటీ, జియా సరాయ్‌ల ఆడింది నేనే. కార్డు దానిది. మేము ఒక్క రూంల ఉంటం. మొదట్లనే అనుకున్నం, ఇద్దరం ఆటల పడితే సదువు ఖరాబైతది, ఒక్క కార్డు తీసుకుందాం, ఒకరు ఆడితే ఒకరు సదువుకుందాం అని. ఒక వారం అది, ఒక వారం నేను. వచ్చినంక ఏమేం జరిగిందో మొత్తం చెప్పుకునేటోళ్ళం. ఎవరితోని కొట్లాట అయింది, ఎవరికి ఏం మాటిచ్చినం, అన్నీ."

"ఎప్పటినుంచి?"

"మొదటి ఆట కాడికెల్లి."

నేను కుర్రాడి వైపు తిరిగాను. "నీకు తెలుసు."

"తెలుసండి."

"ఎందుకు రాయలేదు?"

"ఫారంలో ఆ గడి లేదు కదండి" అన్నాడు. వెటకారం లేదు, భయంగానే అన్నాడు. తర్వాత ఇంకాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. "ఎవరొచ్చినా పడవమనిషి పడవమనిషిలాగే ఉండేదండి. ఒకళ్ళు మాటిచ్చి వెళ్తే, మరు వారం ఇంకొకళ్ళు వచ్చి ఆ మాట నిలబెట్టేవాళ్ళు. మిగతావాళ్ళకి కిందటి వారం ఏం జరిగిందో నేనే గుర్తు చెయ్యాలి."

అంటే దొంగ షీటు కాదు. నిజంగా ఆడిన ఆటే. కానీ ఇద్దరూ ఒకే రోజు ఎందుకు వెళ్ళారన్నది మిగిలింది. అడిగాను.

"ఆ వారం మాకు కొట్లాట అయింది" అంది రెండో పిల్ల. "మాటల్లేవు. శనివారం నా వంతు. ఇది పొద్దుగాలనే బ్యాగు సర్దుకుంటుంటే ఏడికని ఒక్క మాట అడిగిన, లైబ్రరీకి అన్నది. నాకు అనుమానం వచ్చింది, నా వంతు గుంజుకుంటదేమో అని. అందుకే ఎప్పటికంటే ముందుగల్ల జియా సరాయ్ పోయి కూసున్న. ఇది గుర్గావ్ పోయిందని నాకెరకలేదు."

కళ్ళద్దాల పిల్ల అన్నం కలుపుతోంది, తినడం లేదు. నేను ఆమెనే చూస్తూ అడిగాను. "లాకుల దగ్గరికి ఒంటరిగా ఎందుకు వెళ్ళావు? వెళ్తే చస్తావని నీకు చెప్పారట కదా."

"మాలూమ్ థా, ఆంటీ."

"తెలిసీ వెళ్ళావా?"

"మార్‌నే కే లియే హీ గయీ థీ." చంపడానికే వెళ్ళిందట.

రెండో పిల్ల చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. కళ్ళద్దాల పిల్ల ఇప్పుడు ఆమెకే చెప్పసాగింది. నోటికి అలవాటు లేని తెలుగు, మధ్యమధ్య హిందీ. "పోయినసారి నీకు ప్రిలిమ్స్ రాలేదు. ఈసారి కూడా నువ్వు నోట్స్‌లో నది మ్యాప్ గీస్తున్నావు. మాక్ టెస్ట్‌లో ఖాళీగా పెట్టావు. నేను చెప్పాను. నువ్వు నవ్వావు. ఆ వారం కొట్లాట అదే కదా. కార్డు నాది. అందుకని... ఖతం కర్ దియా."

"నాకు సక్కగ చెప్తే మానేస్తుంటి గదనే."

"చెప్పాను."

"గట్ల గాదు, సక్కగ."

పక్క బల్ల వాళ్ళు పెరుగు కోసం కేకేస్తున్నారు. రెండో పిల్ల కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆంటీ, ఒక మాట. గుర్గావ్ పోయింది నేను, జియా సరాయ్‌ల ఉన్నది ఇది అని రాయుండ్రి. కార్డు లేనోళ్ళ ఆట చెల్లదు గదా. అప్పుడు పడవమనిషి చచ్చిపోలే."

కుర్రాడి మొహం వెలిగిపోయింది. "బాగుందండి! నేను సంతకం పెడతాను. గుర్గావ్ మేడం గారికి నేను చెప్పుకుంటాను."

చూడండి, ఆ క్షణం దాకా ఆటలో జరగనిది జరిగినట్టు ఎవరూ రికార్డులో రాయలేదు. నేను అనుమానించిన మోసం ఇప్పుడే, నా కళ్ళెదుట, గోంగూర పచ్చడి పక్కన తయారవుతోంది. ఎవరూ లాభం కోసం చెయ్యడం లేదు. ఒప్పుకుంటే అందరూ సుఖంగా లేచి చేతులు కడుక్కుంటారు. నేను కళ్ళద్దాల పిల్ల వైపు చూశాను. తేల్చాల్సింది తనే.

"నహీ" అంది. "నేనే వెళ్ళాను. మర్ గయీ తో మర్ గయీ."

స్నేహితురాలి వైపు తిరిగి, "తర్వాత నాకు చాలా బాధ అయింది. మెట్రోలో ఏడ్చాను. కానీ నేనే వెళ్ళాను" అంది.

రెండో పిల్ల తన ప్లేటులోని అప్పడం తీసి ఆమె ప్లేటులో పెట్టింది.

సోమవారం మేనేజర్‌కి చెప్పాను. పడవమనిషి గుర్గావ్‌లో చనిపోయింది, అది ఖాయం. జియా సరాయ్ ఆట సభ్యత్వం లేని అతిథి ఆడినది, కాబట్టి చెల్లదు. గేమ్ మాస్టర్‌కి ఒక హెచ్చరిక. సభ్యురాలు బతికున్నట్టు ఎక్కడా చెప్పుకోలేదు, తన చావు తానే ఒప్పుకుంది. ఇంటికి ఫోన్ చేసే పని లేదు.

మిగతా నెలల్లో ఒకే కార్డు మీద ఇద్దరూ ఆడిన మాట నేను ఎత్తలేదు. అతను అడిగినదంతా శనివారం గురించే. నా మొహంలోకి కాసేపు చూశాడు. మొదటిసారి ఎవరో నన్ను అనుమానించడం. "పక్కా, మేడం?" అన్నాడు. "పక్కా" అన్నాను.

ఆ తర్వాతి శనివారం జియా సరాయ్ కెఫేలో ఆ బల్ల వాళ్ళు పడవమనిషికి అంత్యక్రియలు పెట్టుకున్నారు. ఆటలోనే. కుర్రాడు నన్నూ రమ్మన్నాడు. రికార్డులు తప్ప ఆట ఎప్పుడూ దగ్గర కూర్చుని చూడలేదు నేను. వెళ్ళి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. గేమ్ మాస్టర్ గొంతు తగ్గించి, నది మీద ఆ రోజు ఒక్క పడవా కదల్లేదని చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరూ లేచి పడవమనిషి తమకు ఏం చేసిందో చెప్పారు. తుఫానులో తాడు విసిరిందని ఒకడు. దొంగలతో బేరమాడి తనను విడిపించిందని ఇంకొకడు. పరాఠా తింటూ నాతో మాట్లాడిన కుర్రాడైతే చెప్పేది సగంలో ఆపి కూర్చున్నాడు.

ఆ ఇద్దరు పిల్లలూ పక్కపక్కన కూర్చుని విన్నారు. దొంగల మాట రాగానే పొడుగు పిల్ల గుసగుసగా, "అది నువ్వే కదా" అంది. "గాదు, నువ్వే. వచ్చినంక నాకు చెప్పినవ్" అంది పొట్టి పిల్ల. ఇద్దరూ కాసేపు వాదించుకుని వదిలేశారు. నా దగ్గర తేదీలతో సహా షీట్లన్నీ ఉన్నాయి. సంగతి మాత్రం తేల్చలేను.

అంతా అయ్యాక మెట్ల దగ్గర ఆ ఇద్దరూ నన్ను ఆపారు.

"ఆంటీ, నా పేరు మీద కొత్త కార్డు తీసుకోవాల్నంటే ఎన్ని రోజులు పడ్తది?" అని అడిగింది పొట్టి పిల్ల.

పొడుగు పిల్ల కళ్ళద్దాల వెనకనుంచి నన్నే చూస్తోంది.

"ప్రిలిమ్స్ అయ్యేదాకా కొత్త సభ్యత్వాలు ఆపేశారమ్మా" అన్నాను.

నా ఉద్యోగంలో నేను చూడని రూలు లేదు. ఇది మాత్రం అంతకుముందు లేదు. పైగా నా వెనక గోడ మీద, ఈరోజే చేరండి అని బెత్తెడు అక్షరాలతో కంపెనీ పోస్టరు ఉంది. ఆ పిల్ల దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత లోపలనుంచి డబ్బాలు మోసుకొస్తున్న కుర్రాణ్ణి పిలిచింది.

"అన్నా, నిజమేనా? కొత్త కార్డులు బందా?"

అతను పోస్టరు చూశాడు, నన్ను చూశాడు.

"బందే" అన్నాడు. "నిన్ననే మెయిల్ వచ్చింది."

పొట్టి పిల్ల మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. ఒక్కళ్ళనీ నమ్మలేదు. "ఠీక్ హై, ఆంటీ" అంది. స్నేహితురాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, ఆ ఇరుకు సందులో ఎదురొచ్చే వాళ్ళకు దారిస్తూ మెట్రో వైపు నడిచింది.